రాడారు చూపు మబ్బు, చూపని మబ్బు

గత వేసవిలో, రోహిణి కార్తె నాళ్ళలో, ఒక ధ్వనిముద్రణ పనిమీద మేము వేంపల్లెకు పోయియుంటిమి. పాపఘ్ని ఒడ్డున ఒక అరటి తోటలో, మోటారు షెడ్డు నీడను కూర్చుండి, తోటగల పెద్దాయనచేత సేద్యపు మాటలు చెప్పించుచుంటిమి. ఆయన మనుమడు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుచున్నాడు. ఆ పిల్లవాని అన్న ఆ పూటనే కడప విమానాశ్రయమునుండి హైదరాబాదు పోవలసియుండెను. అతడు అప్పటికే కారులో బయలుదేరి పోయినాడు. విమానమునకు గాలివాన అడ్డము వచ్చునేమో చూతమని ఆ యువకుడు తన ఫోనులో వాతావరణ శాఖవారి రాడారు చిత్రమును తెరచి మాకు చూపెను. దేశపటమువలె గీతలు, వలయములు ఉన్నవి. కడప జిల్లామీద ఒక్క రంగు చుక్కయు లేదు.

"అంతా క్లియర్‌గా ఉండాది సార్. అన్న నిమ్మళంగా పోవచ్చు" అని అతడనెను.

పెద్దాయన కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని పడమటి దిక్కు చూచెను. "ఏమబ్బీ, నీ ఫోనులో మబ్బు లేకుంటే మన నెత్తిన మబ్బు లేనట్టేనా? ఆ పడమటేపు చూడు, కాటుక పూసినట్టు ఎట్లుండాదో."

"అది యాడనో దూరంగా ఉండాదిలే జేజినాయనా."

ముప్పావుగంట గడువకమునుపే దుమ్ము లేచినది. ముందు గాలి వచ్చినది, చినుకు తరువాత వచ్చినది. గెలలు వేసిన చెట్లు కొన్ని మా కన్నులయెదుటనే నడుమునకు విరిగి కూలినవి. మేము పరికరములు చంకనబెట్టుకొని షెడ్డులోనికి పరుగెత్తితిమి. కడపనుండి అన్న ఫోనుచేసి విమానము ఆలస్యమగుననుచున్నారని చెప్పెను. అప్పుడు యువకుడు మరల చిత్రము తెరచిచూడగా ఎర్రని మచ్చ యొకటి అగపడినది. అదియు మా తలమీద లేదు, మాకు ఇంకను పడమరగా ఉన్నది! వాన మాత్రము షెడ్డు రేకులమీద చెవులు చిల్లులు పడునట్లు మ్రోగుచుండెను.

రాడారు అబద్ధమాడెనా? ఆడలేదు. దాని నడిగిన ప్రశ్న యొకటి, అది ఇచ్చిన సమాధానము వేరొక ప్రశ్నకు. "ఇప్పుడు మబ్బున్నదా?" అని మనము అడుగుచున్నాము. "కొంతసేపటి క్రిందట, ఇంత యెత్తున, ఇంత లావు చినుకులుండెను" అని అది చెప్పుచున్నది. ఈ రెండింటి నడుమ నున్న యెడము తోటలో నిలిచినవానికి తడిసిన చొక్కాతో పోవును. గాలిలో ఎగురువానికి అట్లు పోదు. కావుననే ఈ విషయమును కొంత విపులముగా చెప్పదలచితిమి.

రేడియో గల యిండ్లవారికి ఈ కథ మొదటి భాగము తెలిసినదే. మీడియం వేవుమీద పెట్టిన సెట్టులో, దూరమున మెరుపు మెరసినపుడెల్ల 'చిటచిట'మని శబ్దము వచ్చుట మీరు విని విసుగుకొనియే యుందురు. మెరుపు తానే ఒక ప్రసారకేంద్రము. అది ఎగజిమ్ము విద్యుత్తరంగములు వందలకొలది మైళ్ళు పోవును. 1915లో బ్రిటిష్ వాతావరణ శాఖలో చేరిన రాబర్ట్ వాట్సన్-వాట్ అను యువకుడు ఈ చిటచిటలు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో కనిపెట్టి, విమానము నడుపువారిని ఉరుముల గాలివానలనుండి ముందుగా హెచ్చరింపవలెనని పూనుకొనెను. ఇరువది యేండ్ల తరువాత, 1935 ఫిబ్రవరి 26న, ఆయనయే డావెంట్రీ యొద్ద బి.బి.సి. వారి రేడియో తరంగములు ఎగురుచున్న విమానమునకు తగిలి తిరిగివచ్చుట పరికరమున చూపెను. రాడారు పుట్టుక అదియే. మా వృత్తివారమైన మాకు, ఒక ప్రసారకేంద్రపు తరంగములే ఈ విద్యకు ఆరంభమైనవన్న సంగతి తలచుకొన్నపుడెల్ల కొంచెము గర్వము కలుగును.

యుద్ధకాలమున రాడారులు చూచుచున్నవారికి శత్రు విమానములతోపాటు వానలుకూడ కనబడుచుండెను. వారికది చికాకు; వాతావరణ శాస్త్రజ్ఞులకది నిధి. మన దేశమున 1954లో కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయమున గాలివానలను కనిపెట్టు రాడారు పెట్టిరి. 1970లో తుపానులను కనిపెట్టు రాడారులలో దేశమునకు మొదటిది మన విశాఖపట్టణమున వెలసినది. 2002లో చెన్నైలో డాప్లరు రాడారు వచ్చినది. పిదప శ్రీహరికోట, మచిలీపట్నము, విశాఖపట్టణము, హైదరాబాదులలోను అట్టివి నెలకొన్నవి. మనవైపునకు వచ్చు రైలు కూత సన్నముగను, దాటిపోవు రైలు కూత బొంగురుగను వినబడుట మనకందరికి అనుభవమే. 1842లో డాప్లరను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు దీనికి సూత్రము చెప్పెను. ఆ సూత్రముతోనే నేటి రాడారు చినుకులు ఎక్కడ ఉన్నవో గాక, తనవైపునకు వచ్చుచున్నవో, తననుండి పోవుచున్నవో కూడ చెప్పగలదు. ఆ చిత్రములన్నియు ఇపుడు ఇంటర్నెట్టులో ఉచితముగా ఎవరైనను చూడవచ్చును. ఒకప్పుడు పైలట్టుకును, వాతావరణ కార్యాలయపు ఉద్యోగికిని తప్ప దొరకని వస్తువు వేంపల్లె తోటలో పిల్లవాని జేబులోనికి వచ్చినది. ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ కార్యాలయపు ఉద్యోగి పొందిన శిక్షణ మాత్రము చిత్రముతోపాటు జేబులోనికి రాలేదు.

రాడారు మబ్బును చూడదు, మబ్బులోని చినుకులను చూచును. ఇది మొదట తెలిసికొనవలసిన విషయము. చినుకునకు తగిలి తిరిగివచ్చు ప్రతిధ్వని ఆ చినుకు వ్యాసముమీద ఎంతగా ఆధారపడియుండుననగా, వ్యాసము రెండింతలైనచో ప్రతిధ్వని అరువది నాలుగింతలగును. కనుక వడగండ్లు, లావైన చినుకులు గల మేఘము ఎర్రగా, ఊదాగా మండిపోవును. సన్నని తుంపరలు గల దట్టమైన మబ్బు దాదాపు కనబడనే కనబడదు. పొగమంచు అసలే కనబడదు. శీతకాలపు ఉదయమున పొగమంచువలన విమానము ఆగినదని విని, "రాడారులో ఏమియు లేదే!" అని ఆశ్చర్యపడువారుందురు. వారు గుడ్డివానిని సాక్ష్యమడుగుచున్నారన్న మాట.

రంగుల ప్రక్కన వ్రాసియుండు అంకెలు ఆ ప్రతిధ్వని బలమునకు కొలతలు. 1948లో మార్షల్, పామర్ అను ఇద్దరు కట్టిన లెక్కప్రకారము 30 అన్నచో గంటకు సుమారు 3 మిల్లీమీటర్ల వాన, 40 అన్నచో సుమారు 12, 50 అన్నచో ఇంచుమించు 50. అంకె పదేసి పెరుగుచున్నది గదా యని తేలికగా తీసికొనరాదు. ప్రతి పదికిని వాన నాలుగింతలకు పైగా పెరుగుచున్నది. 50 దాటినచోట వడగండ్లున్నవేమోయని అనుమానింపవలెను.

ఇక దూరము సంగతి. మన వేంపల్లె ఎక్కడ ఉన్నది? శ్రీహరికోట రాడారునకు సుమారు 200 కిలోమీటర్ల దూరమున, చెన్నై రాడారునకు సుమారు 240 కిలోమీటర్ల దూరమున ఉన్నది. చెన్నై చిత్రము 250 కిలోమీటర్ల వలయముతో వచ్చినపుడు మన యూరు దాని అంచున వ్రేలాడుచుండును. భూమి గుండ్రముగా నున్నది. రాడారు కిరణము ఇంచుమించు తిన్నగా పోవును. కావున దూరము పోయినకొలది కిరణము నేలనుండి పైకి లేచిపోవును. నేలకు అర డిగ్రీ వాలుగా వదలిన కిరణము 200 కిలోమీటర్ల దూరము వచ్చుసరికి సుమారు 4 కిలోమీటర్ల యెత్తునను, 240 కిలోమీటర్ల యొద్ద సుమారు అయిదున్నర కిలోమీటర్ల యెత్తునను ఉండును. పైగా ఒక డిగ్రీ వెడల్పు గల కిరణము 200 కిలోమీటర్ల దూరమున మూడున్నర కిలోమీటర్లు పరచుకొనును. వేంపల్లె బజారును, దానిచుట్టు పల్లెలును ఒక్క చుక్కలో కలిసిపోవును.

అనగా మద్రాసు తీరమునుండి చూచువానికి మన యూరిమీద నాలుగయిదు కిలోమీటర్ల యెత్తునకు దిగువ జరుగునది ఏదియు సరిగా కానరాదు. నడుమ కొండలవరుస లున్నచోట ఇంకను తక్కువ. గాలివాన కార్యమంతయు దిగువనే గదా జరుగునది! అరటి చెట్లను విరిచిన గాలి అటువంటిదే. మేఘములోనుండి చల్లని గాలి, వానతో కలిసి బరువై, ధారగా నేలకు కూలును. నేలకు తగిలి నలుదిక్కులకు పారును. వాన పడుచోటికి పది, పదునైదు కిలోమీటర్లు ముందుగానే ఆ గాలి పరుగిడి పోవచ్చును. దుమ్ము లేచుట, ఎండలో ఒక్కసారిగా చల్లదనము తగులుట, తరువాత గాని చినుకు రాకపోవుట - రాయలసీమలో ఏ రైతునడిగినను ఈ క్రమము చెప్పును. ఈ గాలి నేలనంటి, ఒక కిలోమీటరు లోపు యెత్తున పారును. రెండువందల కిలోమీటర్ల దూరపు రాడారునకు అది పూర్తిగా అదృశ్యము. దిగుచున్న విమానమునకు, ఎగురుచున్న హెలికాప్టరునకు ప్రాణముమీదికి తెచ్చునది మాత్రము అదియే.

పెద్దాయన కన్నులు రాడారును ఓడించినవని మేము చెప్పుట లేదు. ఆయనకు పది, పదునైదు మైళ్ళు కనబడును. రాడారునకు నాలుగు జిల్లాలు కనబడును. ఆయన పడమటి మబ్బు వెనుక మరి నాలుగు మబ్బులు వరుసగా వచ్చుచున్నవో లేదో ఆయనకు తెలియదు. దేని చూపు దానిదే. కాని రాడారు చిత్రమున ఖాళీగా నున్న చోటు "అక్కడ ఏమియు లేదు" అని అర్థమిచ్చునని తలచుట మాత్రము తప్పు. "నాకు అక్కడ ఏమియు అగపడలేదు" అని మాత్రమే దాని అర్థము.

దూరముకంటెను మోసకరమైనది కాలము. రాడారు తన పళ్ళెమును ఒక వాలున ఒక చుట్టు త్రిప్పి, కొంచెము పైకెత్తి మరల త్రిప్పి, అట్లు ఆకాశమంతయు అంతస్తులుగా తడవి ముగించుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ కొలతలను చిత్రముగా కూర్చుటకు కొంత, ఇంటర్నెట్టులో పెట్టుటకు కొంత, మన ఫోను దానిని తెచ్చుకొనుటకు కొంత. పలు రాడారుల చిత్రములను అతికి దేశమంతటికిని ఒకే పటము చేసినపుడు అందలి ఒక్కొక్క ముక్క ఒక్కొక్క వయస్సుది. పటముమీద ఒక గడియారపు వేళ వేసియుండును. అది పటము కుట్టిన వేళ కావచ్చును, గుడ్డ నేసిన వేళ కాదు. అమెరికాలో రవాణా ప్రమాదములను విచారించు జాతీయ సంస్థ 2012 జూన్‌లో పైలట్లకు ఇదే విషయమై ఒక హెచ్చరిక వెలువరించినది. విమానములో తెరమీద కనబడు రాడారు పటము తాను చెప్పుకొను వయస్సుకంటె ఒక్కొక్కప్పుడు 15 మొదలు 20 నిమిషములు ముసలిది కావచ్చునని వారు చెప్పిరి. 2010 మార్చిలో టెన్నెసీ రాష్ట్రమున రోగులను మోయు హెలికాప్టరొకటి, 2011 డిసెంబరులో టెక్సాసున చిన్న విమానమొకటి కూలిన సందర్భములను అందు ఉదాహరించిరి. ఆ పైలట్లు నిర్లక్ష్యులు కారు. తెర చూచుకొనుచునే ఉన్నవారు. తెరమీద గాలివాన అక్కడ నుండగా, బయట అది ఇక్కడికి వచ్చియుండెను.

ఇరువది నిమిషములలో ఏమగును? గంటకు 40 కిలోమీటర్లు నడచు గాలివాన 13 కిలోమీటర్లు జరుగును. మా తోటలో ఎర్రమచ్చ మాకు పడమరగానే కనబడుటకు కారణమిదియే. ఇది నడక మాత్రమే. పెరుగుదల ఇంకను వేగము. మేఘములో గాలి క్షణమునకు పది మీటర్ల చొప్పున పైకి లేచినదనుకొందము. ఇది అసాధారణమైన వేగమేమియు కాదు. పదునైదు నిమిషములలో అది తొమ్మిది కిలోమీటర్లు పెరుగును. చిత్రము తీయునాటికి చినుకు కట్టని తెల్లని మబ్బు, మనము చిత్రము చూచునాటికి పిడుగులు కురియు పర్వతము కావచ్చును. 1946లో ఫ్లోరిడాలోను, 1947లో ఒహాయోలోను హోరేస్ బయర్స్ నాయకత్వమున శాస్త్రజ్ఞులు విమానములను కావలెననియే ఉరుముల మేఘములలోనికి వేయికి పైగా మారులు నడిపించి, అట్టి మేఘమునకు బాల్యము, యౌవనము, వార్ధకము అను మూడు దశలున్నవని కనుగొనిరి. మొత్తము ఆయుస్సు తరచుగా గంటకు లోపే. అంత కొద్ది ఆయుస్సు గలదానిని ఇరువది నిమిషముల పాత చిత్రముతో పట్టుకొనుట, ఏటిలో మునిగిన చోటనే చేపను వెదకుటవంటిది.

మరి విమానములలోనే రాడారులున్నవి గదా, అవి అప్పటికప్పుడు ముందున్నదానిని చూపవా యని మీరడుగవచ్చును. చూపును. కాని విమానపు ముక్కులో పట్టునంత చిన్న పళ్ళెమునకు పొట్టి తరంగములు వాడవలెను, సుమారు 3 సెంటీమీటర్లవి. నేలమీది పెద్ద రాడారులవి 10 సెంటీమీటర్లవి. పొట్టి తరంగమును జోరువాన మ్రింగివేయును. ముందున్న వాన వెనుకనున్న వానను తెరవలె మరుగుపరచును. మరుగుపడిన చోటు తెరమీద నల్లగా, ఖాళీగా, త్రోవవలె కనబడును. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో హంట్స్‌విల్‌నుండి అట్లాంటాకు పోవుచున్న సదరన్ ఎయిర్‌వేస్ డి.సి.-9 విమానము ఇట్టి త్రోవను నమ్మి గాలివాన నడిబొడ్డున దూరినది. వడగండ్లు, నీరు మ్రింగి రెండు ఇంజన్లును ఆగిపోయినవి. జార్జియాలో న్యూ హోప్ అను ఊరియొద్ద రాజమార్గముమీద దింపబోయి 70 మందికి పైగా మరణించిరి. గాలివాన ఎక్కడ ఎంత బలముగా నున్నదో నేలమీది వార్త ఆ పైలట్లకు సకాలమున అందకపోవుటయు ఆ విచారణలో తేలిన లోపములలో ఒకటి. వారి చేతిలోనిది వీధిలో నడచువాని లాంతరు. ఊరిపటము వారియొద్ద లేదు.

ఈ సంగతులన్నియు దూరదేశపువి. మనకు మిక్కిలి దగ్గరిది ఒకటి ఉన్నది. దానిని వేంపల్లెలో ఎవరికిని గుర్తుచేయ నక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న ఉదయము 8 గంటల 38 నిమిషములకు నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి బెల్ 430 హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. ఒక గంటలోపుననే, నల్లమల అడవిమీద, సంబంధము తెగిపోయినది. వాన, మబ్బు, దట్టమైన అడవి. వెదకుటకు సైనిక విమానములు వచ్చినవి. ఆ పగలు, ఆ రాత్రి రాష్ట్రమంతయు రేడియోలయొద్ద, టెలివిజనులయొద్ద కూర్చుండెను. మరునాటి ఉదయమున శకలములు కనబడినవి. అయిదుగురును మరణించియుండిరి. 4వ తేదీన వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో ఆయనను ఖననము చేసిరి.

ఆర్.కె. త్యాగిగారి అధ్యక్షతను కేంద్రము నియమించిన సంఘము విచారణ జరిపినది. ప్రయాణ మధ్యమున యంత్రపు నూనె పీడనమునకు సంబంధించిన ఒక చిక్కు వచ్చి, దానికి మార్గము పుస్తకములో వెదకుటలో పైలట్లకు విలువైన నిమిషములు గడచినవనియు, ఆ సమయముననే హెలికాప్టరు చెడ్డ వాతావరణములోనికి పోయినదనియు, బలమైన దిగుడుగాలిలో చిక్కి అదుపు తప్పి మిక్కిలి వేగముగా నేలకు కూలినదనియు సంఘము తేల్చినది. హెలికాప్టరులో రాడారు ఉండెను. మబ్బు దానియందు ఎర్రగా కనబడెను. దారినుండి కొంత ఎడమకు తొలగి పోవుచునే యుండిరి. వాతావరణము చెడినపుడు క్షేమమైన వేరు త్రోవకు మరలు ఆలోచన చేయలేదని సంఘము వ్రాసినది.

కుర్చీలో కూర్చుండి ఆ పైలట్ల తప్పొప్పు లెన్నుట సులభము. మేమా పని చేయము. మా దృష్టి వేరొకచోటికి పోవుచున్నది. ఒకవైపు యంత్రపు దీపము వెలుగుచున్నది, ఒకవైపు రాడారు ఎర్రబడుచున్నది, క్రింద దిగుటకు చోటులేని అడవి, ముందు జనము ఎదురుచూచుచున్నారు. మనిషి ఆలోచనకు ఇంతకంటె ఇరుకైన చోటు దొరకదు. అదే మనిషి, అదే రాడారు చిత్రము, కాళ్ళు నేలమీద నుండగా, చేతిలో కాఫీ గ్లాసుండగా, ప్రక్కన వాతావరణపు ఉద్యోగియుండగా అయినచో, "ఒక గంట ఆగుదము" అన్న మాట ఎంత తేలికగా వచ్చును! ఇంటర్నెట్టు రాడారు పనికివచ్చునది ఈ నేలమీది గంటకే. మొత్తము దారి, దాని ప్రక్కలు, వెనుకనుండి వచ్చు మేఘముల వరుస - ఇవన్నియు అది చూపగలదు. ఇరువది నిమిషముల పాతదైనను, పోవలెనా మానవలెనా అని నిర్ణయించుటకు చాలును. ఎగిరినపిమ్మట రెండు మేఘముల నడుమనుండు సందు వెదకుటకు అదే చిత్రమును వాడినచో, అది నిన్నటి పేపరు చూచి నేటి రైలెక్కుట యగును. తీవ్రమైన గాలివానకు 20 మైళ్ళయినను ఎడముగా పొమ్మని అమెరికా విమానయాన శాఖ పైలట్లకు చెప్పుచున్నది. అంత ఎడమును చూచువానికి సందులు వెదకు అవసరమే రాదు.

పైలట్లు రాడారు చిత్రమొకటే చూడరని కూడ చెప్పవలెను. విమానాశ్రయములలో నియమిత వేళలకు కొలిచిన గాలి, చూపుమేర, మబ్బుల యెత్తుల నివేదికలు, రానున్న గంటలకు అంచనాలు, దారిలోని ప్రమాదకర వాతావరణమునుగూర్చిన హెచ్చరికలు వాతావరణ కార్యాలయములనుండి వారికి అందును. ఉపగ్రహ చిత్రము రాడారునకు అందని మబ్బు తలలను పైనుండి చూపును. పిడుగులు ఎక్కడ పడుచున్నవో చూపు 'దామిని' అను యాప్ మన ఫోనులకును వచ్చినది. వాట్సన్-వాట్ విన్న చిటచిటలకు అది మనుమరాలు. ఈ నాలుగును కలిపిచూచువాడు ఒక్కదానిని నమ్మువానికంటె తక్కువగా మోసపోవును.

మన యిండ్లనుండి విమానమెక్కువారు, ఎక్కించువారు చిత్రమును చూడదలచినచో ముందు దాని మూలనున్న వేళను చదువవలెను. చాల చిత్రములమీద అది గ్రీనిచ్ లెక్క, అనగా యు.టి.సి. దానికి అయిదున్నర గంటలు కలుపవలెను. 09:20 అని యున్నచో ఉదయపు చిత్రమని త్రోసివేయకుడు. అది మధ్యాహ్నము 2 గంటల 50 నిమిషములది. మేము మొదటిసారి చూచినపుడు ఇచటనే పొరబడితిమి. పిదప ఒక్క చిత్రము చూచి విడువక, అరగంట యెడముగల రెండు చిత్రములను ప్రక్కప్రక్కను పెట్టి, ఒకే మచ్చ ఎంత జరిగినదో వలయముల సాయమున కొలువవలెను. అరగంటలో 15 కిలోమీటర్లు జరిగిన మచ్చ మనకు 45 కిలోమీటర్ల దూరమున నున్నచో గంటన్నరలో రావచ్చును, దారిలో చావవచ్చును, దాని ముందు కొత్తది పుట్టవచ్చును. ఏ రాడారు చిత్రము, మన యూరు దానికి ఎంత దూరమన్నదియు చూడవలెను. హైదరాబాదు రాడారు హైదరాబాదు చుట్టుప్రక్కలను బాగుగా చూచును. వేంపల్లెకు అది 340 కిలోమీటర్లు. విమానము దిగు ఊరికి ఆ యూరి దగ్గరి రాడారునే చూడవలెను.

ఇంకొక మాట, కొంచెము కటువుగా నున్నను చెప్పవలెను. విమానము ఆలస్యమైనదనగానే కౌంటరు నొద్ద గొంతు పెంచువారిని మేము చూచితిమి. "ఇక్కడ ఎండ కాయుచున్నది గదా, ఏమి వాతావరణము?" అని వారి ప్రశ్న. దిగవలసిన చోటనో, దారిలోనో జరుగునది వారికి కనబడదు. ఆగిన విమానము వలన పోవునది ఒక పూట. మన తొందర పైలట్టు చెవిని పడి, అతని నిర్ణయమున ఒక వీసమైనను కలిసినచో ఏమి పోవునో నల్లమల చూచినవారికి చెప్పనక్కరలేదు. పెద్ద పదవులలోనివారికిని, వారి రాకకై పందిళ్ళలో కూర్చుండువారికిని ఇది మరింత వర్తించును.

ఆ సాయంకాలము వాన వెలిసినపిదప తోటలో విరిగిన చెట్లను లెక్కించి పెద్దాయన మౌనముగా కూర్చుండెను. అన్న ఎక్కిన విమానము ఆలస్యముగా బయలుదేరి క్షేమముగా చేరినది. మేము బయలుదేరునపుడు ఆ యువకుడు ఒక నోటుపుస్తకము తెచ్చి రెండు గడులు గీచుకొనుచుండెను. గాలి తమ తోటకు తగిలిన వేళ యొక గడిలోను, అదే గాలివాన రాడారులో తమ యూరిమీద కనబడిన వేళ రెండవ గడిలోను వ్రాయుదునని చెప్పెను. "మూడో గడి గూడా గీయబ్బీ" అని పెద్దాయన అనెను. "నేను మబ్బును చూసి చెప్పిన టైము దాంట్లో రాయి."

యువకుడు నవ్వి మూడవ గడి గీచెను.